క్వాలిటీ వచ్చాక నర్సుకు మిగిలిన సమయం ఎంత?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ఒకసారి చెప్పి మొదలుపెడతాను. మీరు నర్సింగ్ సూపరింటెండెంట్‌గా ఉన్న ఆసుపత్రిలో ఏడాదికి పైగా క్వాలిటీ మేనేజ్‌మెంట్ (నాణ్యత నిర్వహణ) వ్యవస్థ నడుస్తోంది. రిజిస్టర్లు పెరిగాయి, ఆడిట్లు పెరిగాయి, ప్రతి వార్డు గోడ మీదా పోస్టర్లు వెలిశాయి. ఈ మధ్యనే ఇద్దరు సీనియర్ నర్సులు మానేశారు. సిబ్బందికి మార్పు గిట్టదని యాజమాన్యం అంటోంది. ఇదంతా కాగితాల పనేనని సిబ్బంది అంటున్నారు. ఈ క్వాలిటీ సూత్రాల వల్ల సిబ్బందికి నిజంగా మేలు జరుగుతుందా, జరిగే పక్షంలో మా దగ్గర ఎందుకు జరగలేదు అని మీరు అడుగుతున్నారు.

పదకొండేళ్లు వార్డుల్లోనూ ఐసీయూలోనూ పనిచేసి, ఆ తరువాత అంతకంటే ఎక్కువ కాలం క్వాలిటీ విభాగంలో ఉన్నదాన్ని కనుక, ఆడిట్ అంటే భయపడిన రోజులూ నాకు తెలుసు, ఆడిట్ చేసి ఇతరులను భయపెట్టిన రోజులూ తెలుసు. ఈ సూత్రాలు మేలు చేసిన చోట్లు చూశాను, అవే సూత్రాలు మనుషులను అరగదీసిన చోట్లూ చూశాను. రెంటికీ మధ్య తేడాను పట్టుకోవడానికి నేను చూసేది ఒకే ఒక్క లెక్క: క్వాలిటీ వ్యవస్థ వచ్చాక ఒక స్టాఫ్ నర్సు తన ఎనిమిది గంటల డ్యూటీలో రోగి మంచం దగ్గర గడిపే సమయం పెరిగిందా, తగ్గిందా? మీ దగ్గర తగ్గిందని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. అలాంటప్పుడు అక్కడ నడుస్తున్నది క్వాలిటీ పేరు పెట్టుకున్న తనిఖీయే తప్ప, క్వాలిటీ మేనేజ్‌మెంట్ ఇంకా మొదలే కాలేదని నా అభిప్రాయం.

ఈ సూత్రాలు పుట్టింది కర్మాగారాల్లో. 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ టెలిఫోను పరికరాల తయారీలో కనిపించే హెచ్చుతగ్గులను అర్థం చేసుకోవడానికి మామూలు ఊగిసలాటకు పైనా కిందా హద్దు గీతలు గీసి చూపే కంట్రోల్ చార్టును రూపొందించారు. ఆయన ఆలోచనను గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ ఇంజినీర్లకూ యజమానులకూ బోధించారు. డెమింగ్ బోధనలో ఆసుపత్రులు తరచు మరిచిపోయే భాగం ఒకటుంది: లోపాల్లో అత్యధిక భాగం పని జరిగే పద్ధతి నుంచి వస్తాయి, ఆ పద్ధతిని మార్చే అధికారం యాజమాన్యం చేతిలో ఉంటుంది, కాబట్టి బాధ్యత కూడా అక్కడే మొదలవ్వాలి. యాజమాన్యాలకు ఆయన ఇచ్చిన 14 సూచనల్లో తనిఖీ మీద ఆధారపడటం మానమన్నది ఒకటి, పనిచేసేవారిలోని భయాన్ని పోగొట్టమన్నది మరొకటి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ (ఐఎస్ఓ) నుంచి 1987లో తొలిసారి వెలువడిన ఐఎస్ఓ 9001 అనే నాణ్యత ప్రమాణం 2015 కూర్పుకు ఆధారమైన ఏడు సూత్రాల్లో మూడోది సిబ్బంది భాగస్వామ్యం. 2023లో ఆరోగ్య సంస్థల కోసమే ప్రత్యేకంగా వచ్చిన ఐఎస్ఓ 7101 రోగి భద్రతతో పాటు సిబ్బంది భద్రతను కూడా లెక్కలోకి తీసుకుంది. అంటే సిబ్బందిని పక్కన పెట్టమని ఏ ప్రమాణమూ చెప్పలేదు. పక్కన పెట్టింది మనమే.

వైద్యరంగానికి ఈ విషయంలో సొంత అనుభవం కూడా ఉంది, అది చాలా చేదు అనుభవం. వియన్నాలోని ప్రసూతి ఆసుపత్రిలో 1847లో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే డాక్టరు తోటి వైద్యుల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించినప్పుడు, 1846లో 11 శాతం దాటిన బాలింత మరణాలు 1848 నాటికి సుమారు 1 శాతానికి పడిపోయాయి. అంతకంటే స్పష్టమైన ఫలితం ఏ క్వాలిటీ విభాగమూ ఎన్నడూ చూపలేదేమో. అయినా ఆయన సహచరుల్లో చాలామంది ఆ పద్ధతిని అంగీకరించలేదు. కారణాలు అనేకం ఉన్నా, మీ చేతులే వీళ్లను చంపుతున్నాయి అన్న నింద అందులో వారికి వినిపించడం ఒక పెద్ద కారణం. లెక్క ఎంత సరైనదైనా, దాన్ని వినేవాడికి అది నేరారోపణగా వినిపిస్తే ఆ పద్ధతి నిలవదు. మీ వార్డుల గోడల మీది పోస్టర్లను ఈ దృష్టితో ఒకసారి చదివి చూడండి.

ఇక కాగితాల సంగతి. నేను క్వాలిటీ విభాగంలో చేరిన కొత్తలో ఒక తెల్లవారుజామున ఐదు గంటలకు, ముందుగా చెప్పకుండా ఒక వార్డుకు వెళ్లి కేస్ షీట్లు తిరగేశాను. రాత్రి పదింటికి, రెండింటికి, ఆరింటికి నమోదు చేయాల్సిన శ్వాస సంఖ్య ఆ వార్డులోని ప్రతి రోగికీ నిమిషానికి 20 అనే రాసి ఉంది. నీలం సిరా, ఒకే ఒత్తిడి, ఒకే వాలు. ఇంకా ఐదే అయినా, ఆరు గంటల గడి కూడా అప్పటికే నిండి ఉంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న అమ్మాయి నన్ను చూసి నిలబడిపోయింది. ఆమె ఆ రాత్రి ఒక రోగికి రెండుసార్లు రక్తం ఎక్కించి, గాభరాతో మంచం దిగబోయిన మరో ముసలాయనను పట్టుకుని కూర్చోబెట్టి, ఆయాసంతో ఉన్న ఇంకొకరిని ఐసీయూకు పంపించి వచ్చింది. అవేవీ ఏ ఆడిట్ పత్రంలోనూ లేవు. పత్రంలో ఉన్నవన్నీ ఆమె కల్పించి రాసినవే.

ఆమె అబద్ధం రాసిందన్న మాట నిజం. ఆ అబద్ధాన్ని రాయించింది ఎవరన్నది కూడికలు వస్తే చాలు, తేలిపోతుంది. ఒక్కో పత్రానికి 3 నిమిషాలు అనుకుందాం. ఒక నర్సుకు 8 మంది రోగులు, ఒక్కో రోగికి డ్యూటీకి నాలుగు పత్రాలు: పడిపోయే ప్రమాదం అంచనా, పుండ్లు పడే ప్రమాదం అంచనా, నొప్పి నమోదు, సూది పెట్టిన చోటు పరిశీలన. మొత్తం 96 నిమిషాలు. ఎనిమిది గంటల డ్యూటీలో అది సరిగ్గా ఐదో వంతు. ఈ నాలుగు పత్రాల్లో ఏదీ పనికిరానిది కాదు. ఒక్కొక్కదాన్నీ విడిగా సమర్థించవచ్చు. అయితే ప్రతి పత్రాన్నీ ఎవరో ఒకరు విడిగా తెచ్చి పెడతారే గాని, నాలుగూ కలిసి ఒకే మనిషి చేతిలో పడినప్పుడు ఏమవుతుందో ఎవరూ కూడి చూడరు. ఆ సమయం ఎక్కడి నుంచి వస్తుంది? రోగి దగ్గరి నుంచైనా రావాలి, భోజన విరామం నుంచైనా రావాలి, ఇంటికి వెళ్లాల్సిన వేళ నుంచైనా రావాలి, అదీ కుదరకపోతే కల్పన నుంచి రావాలి. అనుభవం ఉన్న నర్సులు మొదట భోజనం వదులుకుంటారు, తరువాత ఇల్లు వదులుకుంటారు, చివరికి ఉద్యోగమే వదులుకుంటారు. కల్పించి రాయడానికి మనసొప్పని వాళ్లే ముందుగా మానేస్తారన్నది నేను గమనించిన సంగతి. మీ ఇద్దరూ ఆ కోవకు చెందినవారై ఉండవచ్చు.

ఇక్కడ సిబ్బంది సంఖ్య గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. 2002లో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఎయికెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రులను పరిశీలించి, ఒక నర్సు చూసుకోవలసిన రోగుల్లో ఒక్కరు పెరిగిన కొద్దీ శస్త్రచికిత్స రోగుల్లో 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున, నర్సు పని భారంతో అలసి కుంగిపోయే అవకాశం 23 శాతం చొప్పున పెరుగుతున్నాయని చూపింది. రోగి ప్రాణమూ నర్సు మనసూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయని ఇంత నేరుగా చూపిన అధ్యయనాలు తక్కువ. ఆసుపత్రి నాణ్యతను వనరులు, ప్రక్రియ, ఫలితం అని మూడు భాగాలుగా చూడమని అవెడిస్ డోనబెడియన్ 1966లోనే చెప్పారు. మనుషులు తగినంత మంది ఉండటం వనరుల కిందికి వస్తుంది. ఆ మొదటి మెట్టును వదిలేసి, పత్రాలతో ప్రక్రియను బిగిస్తే ఫలితం బాగుపడుతుందని ఆశించడం, పునాది తీయకుండా గోడకు సున్నం వేయడం లాంటిది. సిబ్బంది కొరతను క్వాలిటీ వ్యవస్థ పూడ్చలేదు; పూడ్చగలదని ఏ కన్సల్టెంటైనా చెబితే నమ్మకండి.

అయితే ఉన్న సిబ్బంది చేతిలోంచి జారిపోతున్న సమయాన్ని అది తిరిగి ఇవ్వగలదు, ఈ సూత్రాల అసలు బలం అక్కడే ఉంది. ఒకసారి నేనొక స్టాఫ్ నర్సు వెంట, ఆమె అనుమతితో, ఉదయం డ్యూటీ అంతా చిన్న నోటుపుస్తకం పట్టుకుని నడిచాను. ఆమెను తనిఖీ చేయడం నా ఉద్దేశం కాదని, ఆమెకు అడ్డు తగులుతున్న వాటిని రాసుకుంటానని ముందే చెప్పాను. మొదటి గంటలోనే ఆమె మత్తుమందుల అలమారా తాళంచెవి కోసం మూడుసార్లు వెతికింది, ఎందుకంటే తాళంచెవి ఎవరి జేబులో ఉందో ఎవరికీ తెలియదు. మందును కొలతగా ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు కోసం పక్క వార్డుకు వెళ్లింది. అక్కడ పంపు ఉంది గాని దాని కరెంటు తీగ లేదు. ఒక రోగి ల్యాబ్ రిపోర్టు కోసం నాలుగుసార్లు ఫోన్ చేసింది. దూది ఒక చోట, స్పిరిట్ ఒక చోట, సిరంజిలు మరో చోట ఉండటం వల్ల ఒక్క సూది పెట్టడానికి వార్డు పొడవునా రెండుసార్లు నడిచింది. భోజన విరామానికి ముందు నా పుస్తకంలో రెండు పేజీలు నిండాయి, వాటిలో ఒక్క అడ్డంకి కూడా ఆమె అలసత్వం వల్ల వచ్చింది కాదు.

ఆ రెండు పేజీలను వార్డు సిబ్బంది ముందే పెట్టి, ముందు దేన్ని తీసేద్దామో మీరే చెప్పండి అన్నాను. వాళ్లు తాళంచెవిని ఎంచుకున్నారు. నేనైతే ల్యాబ్ ఫోన్లను ఎంచుకునేదాన్ని, అయినా నోరు మూసుకున్నాను. తాళంచెవిని డ్యూటీ ఇన్‌చార్జి మెడలో వేసుకునే రంగు పట్టీకి కట్టాలని, డ్యూటీ అప్పగించేటప్పుడు పట్టీతో సహా చేతులు మారాలని వాళ్లే నిర్ణయించారు. తరువాత సామాను సంగతి చూశారు: ప్రతి వస్తువుకూ రెండు డబ్బాలు, ముందుది ఖాళీ కాగానే వెనకది ముందుకు వస్తుంది, ఖాళీ డబ్బా స్టోర్‌కు వెళుతుంది, సామాను కావాలని కోరే ఇండెంటు అదే. ఈ పద్ధతిని టొయోటా కర్మాగారం నుంచి తీసుకున్నామని నేను చివరిదాకా చెప్పనే లేదు. చెప్పి ఉంటే, మేమేమైనా కార్లు తయారుచేస్తున్నామా అన్న ప్రశ్న వచ్చేది, ఆ ప్రశ్నలో న్యాయం కూడా ఉంది.

టొయోటా మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. అమెరికాలో సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ వైద్య కేంద్రం 2002లో టొయోటా పద్ధతిని అనుసరించడం మొదలుపెట్టినప్పుడు, ఈ మార్పుల వల్ల ఎవరి ఉద్యోగమూ పోదని సిబ్బందికి మాట ఇచ్చింది. రోగికి హాని జరగవచ్చని అనిపిస్తే ఏ ఉద్యోగి అయినా పనిని ఆపించి పైవారికి తెలియజేసే ఏర్పాటూ చేసింది. సమయం ఆదా చేసే పద్ధతులు తెచ్చి, ఆదా అయిన సమయాన్ని చూపించి ఇద్దరిని తగ్గించే ఆసుపత్రిలో, మూడో అడ్డంకిని ఎవరూ మీకు చూపించరు. మీ యాజమాన్యం చేత ఈ మాట ముందే, రాతపూర్వకంగా ఇప్పించండి. ఆ మాట రాకపోతే ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు.

ఇప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి, ఎందుకంటే మీ దగ్గరా అదే జరిగి ఉంటుందని నా అనుమానం. నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒక రాత్రి ఒక నర్సు సెలైన్‌లో కలపబోయిన ఆంప్యూల్‌ను (చిన్న గాజు మందు సీసాను) విరగగొట్టే ముందు మళ్లీ చదివి, అది తాను తీయవలసినది కాదని, గాఢమైన పొటాషియం క్లోరైడ్ అని గుర్తించింది. రెండు ఆంప్యూళ్లూ ఒకే సైజు, రాతలు దాదాపు ఒకే రంగు, రెండూ ఒకే సొరుగులో పక్కపక్క గళ్లలో ఉన్నాయి. పలచన చేయని పొటాషియం నేరుగా నరంలోకి వెళితే గుండె ఆగిపోతుంది. ఏ హానీ జరగకముందే ఆమె ఆపుకుంది, అంతటితో ఊరుకోకుండా ఇన్సిడెంట్ రిపోర్టు కూడా రాసింది. దానికి నేను ఇచ్చిన జవాబు: మందులు తీసేటప్పుడు తగిన శ్రద్ధ వహించవలసిందిగా హెచ్చరిస్తూ ఒక మెమో, దాని ప్రతి నర్సింగ్ ఆఫీసుకు. ఆ తరువాత మూడు నెలల పాటు ఆ వార్డు నుంచి ఒక్క రిపోర్టూ రాలేదు. ఆ సున్నాను నెలవారీ సమావేశంలో పచ్చరంగులో చూపించి చప్పట్లు కూడా అందుకున్నాను. పొటాషియం మాత్రం అదే సొరుగులో ఉంది.

చేయవలసింది ఏమిటో అప్పటికే అందరికీ తెలుసు: గాఢమైన పొటాషియంను సాధారణ వార్డుల నుంచి తీసివేసి ఫార్మసీలోనే ఉంచడం, వార్డుకు పలచన చేసినదే పంపడం. తరువాత అదే చేశాం. కానీ ఆ మెమోను వెనక్కి తీసుకోవడానికి నాకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది, నా తప్పు నేను ఒప్పుకోవడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాలను పరిశీలించినప్పుడు, బాగా కలిసి పనిచేసే బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువగా కాకుండా ఎక్కువగా నమోదు కావడం చూశారు. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరుగుతున్నాయని దానికి అర్థం కాదు, అక్కడివారు భయం లేకుండా చెప్పుకుంటున్నారన్నది ఆమె చేరిన నిర్ణయం. కాబట్టి రిపోర్టుల సంఖ్య పడిపోయినప్పుడు సంతోషించే క్వాలిటీ మేనేజరును అనుమానించవచ్చు. ఆ జాబితాలో నా పేరు కూడా రాసుకోండి.

తప్పు జరిగిన తరువాత ఆ ఉద్యోగికి ఏమవుతుందన్నది కూడా క్వాలిటీ వ్యవస్థలో భాగమే. హానికి గురైన రోగి తరువాత, ఆ హానికి కారణమైన ఉద్యోగి రెండో బాధితుడని ఆల్బర్ట్ వూ 2000లో రాశారు. నిద్ర పట్టకపోవడం, ప్రతి మందునూ నాలుగుసార్లు చదివినా నమ్మకం కుదరకపోవడం, డ్యూటీ మార్చమని అడగడం, ఇవన్నీ నేను చూసినవే. దీని అర్థం ఎవరినీ ఏమీ అనకూడదని కాదు. మూడు రకాల ప్రవర్తనను విడదీసి చూడాలి. శ్రద్ధగానే ఉండి పొరపడిన మనిషికి ఓదార్పు కావాలి, పొరపాటుకు దారితీసిన ఏర్పాటుకు మరమ్మతు కావాలి. ప్రమాదం గుర్తించకుండా అడ్డదారి అలవాటు చేసుకున్న మనిషికి నేర్పాలి, ఆ అడ్డదారి ఎందుకు అవసరమైందో తెలుసుకోవాలి. ప్రమాదమని తెలిసి కూడా లెక్కచేయని మనిషి మీద మాత్రమే చర్య ఉండాలి. ఈ మూడింటికీ ఒకే మెమో నమూనా వాడే ఆసుపత్రిలో మూడో రకం వాళ్లు తప్పించుకుంటారు, మొదటి రకం వాళ్లు రాజీనామా చేస్తారు.

చెక్‌లిస్టుల గురించి రెండు అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూస్తే మీ ప్రశ్నకు జవాబు చాలావరకు దొరుకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన 19 అంశాల శస్త్రచికిత్స చెక్‌లిస్టును ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద చిక్కులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గినట్లు 2009లో ప్రచురితమైంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆసుపత్రులన్నీ చెక్‌లిస్టులు వాడాలని నిర్దేశించిన తరువాత 101 ఆసుపత్రుల లెక్కలు తీస్తే, చెప్పుకోదగ్గ తగ్గుదల ఏదీ కనిపించలేదని 2014లో తేలింది. కాగితం పాత్రను మించి, దాన్ని ప్రవేశపెట్టిన తీరుకు ఎంత పాత్ర ఉందన్న చర్చ అప్పటి నుంచీ నడుస్తోంది. నా అనుభవం ఆ తీరు వైపే మొగ్గుతుంది. గడులన్నింటికీ టిక్కులు పడిన చెక్‌లిస్టును, రోగి ఇంకా ఆపరేషన్ థియేటర్ (ఓటీ)లోకి రాకముందే నేను చూశాను.

సరిగ్గా జరిగినప్పుడు అది ఎలా ఉంటుందో కూడా చూశాను. కోత పెట్టే ముందు అందరూ ఆగే ఆ అర నిమిషంలో, ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాని ఒక నర్సు గొంతు కొంచెం వణుకుతుండగా, "సర్, యాంటీబయాటిక్ ఇంకా పడలేదు" అంది. సర్జన్ చేయి ఆగింది. ఆయన ఆమె వైపు చూడకుండానే, "వేయించండి, అయ్యాక మొదలుపెడదాం. చెప్పావు, మంచిది" అన్నారు. ఆ చివరి రెండు మాటలకు ఆ ఓటీలో ఏ శిక్షణ తరగతికీ లేని విలువ వచ్చింది. పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టాల (సెంట్రల్ లైన్ల) వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్లను తగ్గించడానికి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పీటర్ ప్రొనొవోస్ట్ బృందం చేపట్టిన పనిలో కూడా ఇదే మలుపు. చేతులు కడగడం, పూర్తి తొడుగులు, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశక మందుతో చర్మం శుభ్రం చేయడం, వీలైనంతవరకు తొడ దగ్గరి నరాన్ని వదిలేయడం, అవసరం తీరిన లైనును వెంటనే తీసేయడం అన్న ఐదు పనుల్లో కొత్తది ఏదీ లేదు. కొత్తదల్లా, డాక్టరు వీటిలో ఒకటి వదిలేస్తే పని ఆపించే అధికారం నర్సుకు ఇవ్వడం. 103 ఐసీయూల లెక్కల్లో, రోగుల ఒంట్లో లైను ఉన్న ప్రతి వెయ్యి రోజులకు 2.7గా ఉన్న మధ్యస్థ ఇన్ఫెక్షన్ రేటు మూడు నెలల్లో సున్నాకు చేరింది. నర్సుకు ఆ అధికారం ఇవ్వడానికి మీ డాక్టర్లు సిద్ధంగా లేకపోతే, చెక్‌లిస్టు ఆమెకు మరో గుమాస్తా పనిగానే మిగులుతుంది. క్వాలిటీ సమావేశాలకు డాక్టర్లు రాకుండా నర్సింగ్ ఇన్‌చార్జీలే వచ్చే ఆసుపత్రిలో ఈ సంసిద్ధత ఉండదని నేను పందెం కట్టగలను.

అంకెల వాడకంలో ఒక పొరపాటు దాదాపు ప్రతిచోటా కనిపిస్తుంది, సిబ్బంది మనసు విరిగేది ఎక్కువగా దాని వల్లనే. ఒక వార్డులో గత నెల మూడుసార్లు రోగులు పడిపోయారు, ఈ నెల ఐదుసార్లు. ఇన్‌చార్జి సిస్టరును పిలిచి సంజాయిషీ అడుగుతారు. వచ్చే నెల మళ్లీ మూడుకు వస్తుంది. గట్టిగా అడిగినందుకే తగ్గిందని అడిగినవారు నమ్ముతారు. నిజానికి ఆ వార్డులో ఏడాది పొడవునా రెండుకూ ఆరుకూ మధ్య ఊగుతూనే ఉండి ఉండవచ్చు, మూడూ ఐదూ ఆ ఊగిసలాటలోని రెండు చుక్కలే అయి ఉండవచ్చు. షూహార్ట్ కంట్రోల్ చార్టు తయారుచేసింది సరిగ్గా ఈ తేడా పట్టుకోవడానికే. చుక్క గీత దాటితే ఆ నెలలో ప్రత్యేకంగా ఏం జరిగిందో వెతకాలి. గీతల మధ్యే తిరుగుతుంటే ఆ నెల డ్యూటీ చేసినవారిని ప్రశ్నించడం అన్యాయం, మంచాల ఎత్తు, నేల తడి, మరుగుదొడ్డి దూరం, రాత్రి మనుషుల సంఖ్య లాంటి ఏర్పాటును మార్చాలి. కనీసం 20 నెలల చుక్కలు ఒక కాగితం మీద పెట్టి చూడకుండా ఏ ఇన్‌చార్జినీ సంజాయిషీ అడగకూడదని మీ దగ్గర ఒక నియమం పెట్టుకోగలిగితే, అదొక్కటే సగం గొడవను తగ్గిస్తుంది.

లక్ష్యాల ఒత్తిడి మితిమీరితే ఏమవుతుందో ఇంగ్లండులోని స్టాఫర్డ్ ఆసుపత్రి ఉదంతం మీద 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ విచారణ నివేదిక విపులంగా చూపింది: సిబ్బంది కొరత, ఆర్థిక లక్ష్యాలు, జాతీయ లక్ష్యాల మీదే యాజమాన్యం దృష్టి, ఫిర్యాదు చేసిన ఉద్యోగుల మాట వినకపోవడం, వీటన్నిటి మధ్య రోగులకు దాహానికి నీళ్లు అందించేవారు కూడా కరువైన స్థితి. ఆ ఉదంతం గురించి ఇంతకంటే చెప్పడం అనవసరం.

అంకెలు ఎలాగూ తీస్తున్నారు కాబట్టి, సిబ్బంది అంకెలను కూడా అదే పట్టికలో, అదే పేజీలో చేర్చండి: డ్యూటీ వేళ దాటాక ఎన్ని నిమిషాలు ఆగాల్సి వచ్చింది, ఎన్ని భోజన విరామాలు పోయాయి, ఎందరికి సూదులు గుచ్చుకున్నాయి, నడుము నొప్పితో ఎందరు సెలవు పెట్టారు, ఎందరు మానేశారు. ఆరోగ్య వ్యవస్థకు రోగి అనుభవం, ప్రజల ఆరోగ్యం, ఖర్చు అనే మూడు లక్ష్యాలు చాలవని, సేవలందించేవారి క్షేమం నాలుగోదిగా ఉండాలని 2014లో బోడెన్‌హైమర్, సిన్‌స్కీ వాదించారు. పారిశుద్ధ్య సిబ్బందిని ఈ పట్టికలో మరిచిపోకండి. సూది గుచ్చుకునే ప్రమాదం చెత్త సంచి మోసే మనిషికి కూడా ఉంటుంది, ఆయన ఇన్సిడెంట్ రిపోర్టు రాయగా నేను చూసింది చాలా అరుదు, ఎందుకంటే ఆ పత్రం ఆయన చదవగలిగే భాషలో ఉండదు.

మీ స్థానంలో నేనుంటే వచ్చే నెల రోజులు కొత్తగా ఒక్క పత్రాన్నీ రానివ్వను. ఇప్పుడు వాడుకలో ఉన్న పత్రాలన్నిటినీ ఒక బల్ల మీద పరిచి, ప్రతి దాని మీదా మూడు ప్రశ్నలు వేస్తాను: దీన్ని నింపాక ఎవరు చదువుతున్నారు, చదివి కిందటి నెలలో ఏం మార్చారు, ఇదే సంగతి ఇంకెక్కడ రాస్తున్నారు. రోగి పేరు, నంబరు ఒకే రోజున ఎన్ని చోట్ల రాస్తున్నారో లెక్కపెడితే మీకే ఆశ్చర్యం కలుగుతుంది. చట్టం అడిగేవి, రోగి ప్రాణానికి సంబంధించినవి ఉంచి, చదివేవారు లేని వాటిని ఆపేసి, ఆపేసినట్టు అందరికీ తెలిసేలా నోటీసు పెడతాను. ఆ తరువాత ఏ కమిటీ అయినా కొత్త పత్రం తెస్తే, అది ఏ పాత పత్రం స్థానంలో వస్తుందో రాయనిదే సంతకం చేయను. దీనికి మీకు అధికారం ఉందో లేదో ముందే తేల్చుకోండి. లేకపోతే మీ సూపరింటెండెంట్ పదవితో ఈ పని జరగదు, వైద్య డైరెక్టరును పక్కన కూర్చోబెట్టుకోవాలి.

ఆ తరువాత ఒక్క వార్డును ఎంచుకుని, అక్కడి వారు చూపిన ఒక్క అడ్డంకిని పదిహేను రోజుల్లో తొలగించండి. శిక్షణ తరగతులు అప్పటిదాకా ఆగవచ్చు. సిబ్బందిని ఒప్పించాలన్న ఆలోచన కూడా అప్పటిదాకా పక్కన పెట్టండి, తాళంచెవి దొరకడం మొదలైన వార్డులో ఒప్పించే అవసరం నాకైతే రాలేదు. మానేసిన ఆ ఇద్దరు సీనియర్లకూ ఈ వారంలోనే ఫోన్ చేయండి. తిరిగి రమ్మని అడగడానికి కాదు. డ్యూటీలో ఏ పత్రం దగ్గర వాళ్లకు ప్రాణం విసిగిందో అడగండి, వాళ్లు చెప్పిన పేరుతో మీ తీసివేతల జాబితా మొదలుపెట్టండి.